గాలి తోలే చలి

పోయిన పుష్యమాసంలో గాండ్లపెంట పక్కన ఒక చేన్లో మంద కట్టిన ముసలాయన దగ్గర కాసేపు కూర్చున్నాను. శెనక్కాయ పెరికేసిన చేను. రాత్రిపూట గొర్రెలు అక్కడ పడుకుంటే రైతుకు ఎరువు, ఆయనకు నాలుగు గింజలు. కింద వంక, పైన మిట్ట. వంకలో గట్టు చాటు బాగుంది కదా, అక్కడ పడుకోకుండా ఈ వాలులో ఎందుకు తాతా అని అడిగాను.

"వంకలోకి చలి దిగి నిలబడతాది నాయనా, నీళ్లు నిలబడినట్ట. మిట్ట మీద గాలి తోలతాది. నడిమధ్య చూసుకోని పండుకోవల్ల" అన్నాడు. కాసేపాగి మళ్లీ ఆయనే, "గాలి లేకుంటే ఈ చలి ఏం చేస్తాది? ఊరికే పక్కన కుచ్చుంటాది. గాలి తోలిందంటే కంబళ్లో దూరి ఎముక పట్టుకుంటాది" అన్నాడు.

ఆ రెండు మాటల్లో రెండు శాస్త్ర విషయాలున్నాయి. రాత్రి నేల వేడి కోల్పోతే దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. అందుకే కొండవాలుల్లో నడిమి పట్టీ కాస్త వెచ్చగా ఉంటుంది. ఇది మొదటిది. రెండోదానికి ఇంగ్లీషులో విండ్ చిల్ అని పేరు. ఆ పేరు పుట్టిన కథ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అంతకు ముందు మన మాటల సంగతి. చలి అన్న మాటకు మన దగ్గర చుట్టాలన్నీ మంచివే. చల్ల, చద్దన్నం, చలివేంద్రం, చల్లగా ఉండమనే దీవెన. ఎండలు మండే సీమలో చల్లదనమంటే ప్రాణం లేచి వస్తుంది. అదే చలి ముదిరి బాధ పెట్టినప్పుడు మాత్రం మాట ఒంటి మీదికి వస్తుంది. వేళ్లు కొంకర్లు పోవడం, పళ్లు టకటకలాడడం, ఒళ్లు జివ్వుమనడం, ఎముకలు కొరికే చలి. ఎంత చలి అన్నదానికి మన వాళ్లు ఒళ్లే కొలతగా పెట్టుకున్నారు. చింతపల్లి మన్యంలో, సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి కొర్రబొయలు అని ఇంకో పేరుంది. కొర్ర అంటే కర్ర. తెల్లవారుజామున బయట ఉన్నవాడు కర్రలా బిగుసుకుపోతాడని అక్కడివాళ్లు చెప్పే అర్థం. ఒక ఊరి పేరే వాతావరణ హెచ్చరిక అయింది.

విండ్ చిల్ కూడా ఒంటి బాధలోంచే వచ్చింది. పాల్ సైపుల్ అనే అమెరికా కుర్రాణ్ణి 1928లో బాయ్ స్కౌట్లలోంచి ఎంపిక చేసి, అన్వేషకుడు బర్డ్ నడిపిన అంటార్కిటికా యాత్రకు తీసుకెళ్లారు. అప్పుడతనికి పందొమ్మిదేళ్లు. అక్కడి నుంచి వచ్చి చదువుకుని, చలికి మనిషి ఎలా తట్టుకుంటాడన్నదే పరిశోధనగా పెట్టుకున్నాడు. విండ్ చిల్ అన్న మాట 1939 నాటి అతని సిద్ధాంత వ్యాసంలోదే. తర్వాతి యాత్రలో చార్లెస్ పాసెల్ అనే భూవిజ్ఞాని తోడయ్యాడు. 1940 శీతాకాలంలో ఇద్దరూ కలిసి చేసిన ప్రయోగం చూస్తే ఎంత మామూలుగా ఉందో అనిపిస్తుంది. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో 250 గ్రాముల నీళ్లు పోసి, తమ స్థావరం కప్పు మీద కర్రకు వేలాడదీశారు. పక్కనే గాలివేగం కొలిచే పరికరం. నీళ్లు గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో రాసుకున్నారు. గాలి పెరిగే కొద్దీ ఆ సమయం తగ్గిపోతూ వచ్చింది.

కారణం మన ముసలాయన చెప్పిందే. ఒంటి వేడితో చర్మానికి ఆనుకుని పలచటి వెచ్చని గాలి పొర ఒకటి ఏర్పడుతుంది. అది ఉన్నంతసేపూ చలి "పక్కన కుచ్చుంటాది". గాలి తోలితే ఆ పొర ఎగిరిపోతుంది. ఒళ్లు ఇంకో పొర తయారు చేసుకునేలోగా అదీ పోతుంది.

ఆ లెక్కలు 1945లో అచ్చయ్యాయి. చదరపు మీటరు చర్మం గంటకు ఎన్ని కిలోకేలరీలు కోల్పోతుందో చెప్పే అంకెలవి. సైన్యానికి పనికొచ్చాయి, ఇంట్లో ఉన్న మనిషికి ఏం అర్థమవుతాయి? చివరికి ఆ వేడి నష్టాన్ని డిగ్రీల్లోకి మార్చి, గాలి లేకుండా ఎంత చలి ఉంటే ఇలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టారు. ఫోన్లో ఫీల్స్ లైక్ అని కనిపించే అంకెకు చలికాలంలో మూలం అదే. నా లెక్కలో అసలు ఆవిష్కరణ ఇక్కడే ఉంది. కేలరీల అంకె మళ్లీ ఒంటి భాషలోకి వచ్చింది.

అయితే ప్లాస్టిక్ గొట్టం మనిషి ముఖం కాదు. పాత లెక్క చలిని ఎక్కువ చేసి చూపుతోందని తేలింది. టొరంటోలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన పన్నెండుమంది ముఖాలకు సెన్సర్లు అతికించి, చల్లటి గాలి సొరంగంలో నడిపించి కొత్త సూత్రం తయారుచేశారు. 2001 నుంచి అమెరికా, కెనడాల్లో అదే వాడుక. దాని ప్రకారం మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి మైనస్ 20లా ఉంటుంది.

చలి గురించిన మిగతా ఇంగ్లీషు పేర్లకూ ఇలాంటి పుట్టుకలున్నాయి. బ్లిజర్డ్ అంటే మొదట దెబ్బ, తూటాల వాన. 1870లో అయోవా రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి పత్రిక దాన్ని మంచు తుఫానుకు వాడింది. ధ్రువాల మీద తిరిగే చలిగాలి సుడికి పేరైన పోలార్ వోర్టెక్స్ 1853లోనే అచ్చులో కనిపించినా, జనం నోట పడింది 2014 జనవరిలో. ఆ నెల 6న షికాగోలో మైనస్ 27 డిగ్రీలు. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు ఇంటికి ఫోన్ చేసి చెప్పిన మాటలివే. ఇక్కడ అమ్మకు వోర్టెక్స్ ఏం తెలుస్తుంది, "చెవులు కప్పుకున్నావా నాయనా?" అనే కదా అడుగుతుంది.

మన పత్రికల్లో చలిపులి పంజా ఏటా కనిపిస్తుంది. శీతల గాలులన్న మాటకు మాత్రం వాతావరణ శాఖ దగ్గర లెక్క ఉంది. మైదానంలో సాధారణంగా కనిష్ఠం 10 డిగ్రీలకు దిగాలి, అదీ మామూలు కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి. విండ్ చిల్ సూత్రం కూడా 10 డిగ్రీలు దాటితే పనిచేయదు. గాండ్లపెంటలో చాలా రాత్రులు ఆ గీతకు పైనే ఉంటాయి. 13 డిగ్రీల్లో ఆరుబయట పండుకునే గొర్రెలకాపరి చలి ఈ రెండు లెక్కల్లోనూ లేదు. దానికి పేరు కావాలంటే కొత్తగా కట్టక్కర్లేదు. ఆయన అన్నదే చాలు, గాలి తోలే చలి. మన వార్తల్లో విండ్ చిల్ బదులు ఆ మాట వినాలని నాకు ఆశ.

నేను లేచేసరికి చుక్కలు బాగా తేరాయి. ఆయన గుప్పెడు దుమ్ము తీసి వేళ్ల సందుల్లోంచి వదిలాడు. అది కొద్దిగా పడమటికి వంగి రాలింది. కంబళి తూర్పు అంచును రెండు మడతలు పెట్టి, దాని మీద ఒక రాయి ఎత్తి పెట్టి, తల అటువైపు కాకుండా తిప్పుకుని పడుకున్నాడు.