రాయిని నమ్ముకున్న రాజపాళయం రాజు



రాజపాళయానికీ శ్రీవిల్లిపుత్తూరుకూ దగ్గరలో, పడమటి కనుమల పాదాన మంసాపురం అనే ఊరుంది. అక్కడ పడమరగా చూస్తే చూపు కొండకు తగులుతుంది. తూర్పుకు తిరిగితే ఎండిన మెట్టనేల, పత్తి చేలు. ఇలాంటి చోట నాలుగు రాళ్లు సంపాదించాలనుకునే వాడికి పూర్వం కనిపించిన దారులు కొద్దే. సేద్యం చేయడం, కొండ కలప కొట్టించడం, రాయి తీయించడం. ఈ ప్రాంతంలో కష్టాన్ని నమ్ముకుని, చివరికి రాయి దగ్గరికి వచ్చిన ఒక తెలుగు మనిషి జీవితం గురించి ఈ పూట చెప్పుకుందాం. ఆయన పి.ఏ.సి. రామస్వామి రాజా.

రాజపాళయం రాజులంటే ఎవరో మీలో చాలామందికి తెలుసు. విజయనగర రాజ్యకాలంలోనూ ఆ తరవాతా దక్షిణానికి కదిలి వచ్చి, ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఇంటిపేరు పొడి అక్షరంగా మారిపోయి పేరు ముందు నిలబడింది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా పేరులో మొదటి అక్షరం పూసపాటి. విజయనగరం సంస్థానాధీశుల ఇంటిపేరూ అదే. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మన ఇళ్లలోనూ ఇలాంటి పొడి అక్షరాలు ఎన్నో ఉన్నాయి. వాటిని విప్పి చెప్పగల పెద్దవాళ్లే తగ్గిపోతున్నారు.

ముందు కలప సంగతి చూద్దాం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరవాత రిజర్వు అడవిలో కలప సర్కారు సొత్తు అయింది. అటవీ శాఖవారు కూపులు గీసి వేలం వేసేవారు. పాట పాడినవాడు ముందు డబ్బు కట్టాలి. నరికేవాళ్లకూ బండ్లవాళ్లకూ అడ్వాన్సులు ఇవ్వాలి. గడువులోగా దుంగలు కొండ దించాలి. వాన ముందుగా వస్తే దుంగ లోయలో, అప్పు నెత్తిన. జమీందారీ అడవుల్లో మరో తంతు. జమీందారీలు రద్దవుతాయని తెలిసిన రోజుల్లో, చేతిలో ఉండగానే చెట్లు కొట్టి అమ్ముకునే తొందర పట్టుకుంది. దాన్ని ఆపడానికి 1949లో ప్రైవేటు అడవుల సంరక్షణ చట్టం వచ్చింది. ముందుగా అనుమతి లేనిదే అడవిని అమ్మరాదు, చెట్టు కొట్టరాదు అన్నది దాని సారం. అప్పుడు మద్రాసులో అధికారంలో ఉన్నది ఈ కొండ కింద పుట్టిన కుమారస్వామి రాజాయే కావడం గమనించదగ్గ విషయం.

ఆ తరవాత ఒక్కొక్క తలుపే మూసుకుంది. 1988లో శ్రీవిల్లిపుత్తూరు కొండల్లో బూడిదరంగు పెద్ద ఉడుతల కోసం అభయారణ్యం ఏర్పాటు చేశారు. 1996 డిసెంబరులో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు దేశమంతటా అడవుల నరికివేతకు కళ్లెం వేసింది. 2021లో ఈ కొండలు శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యంలో చేరాయి. కూపు పాటలను నమ్ముకున్న వ్యాపారి ఎంత కష్టజీవి అయినా, మనవడికి ఆ వ్యాపారాన్ని అప్పగించే వీలు లేకపోయింది.

రామస్వామి రాజా 1894లో పుట్టారు. ఆయన మొదట పట్టుకున్నది కలపా కాదు, రాయీ కాదు, పత్తి. 1936లో రాజపాళయం మిల్స్ స్థాపించారు. అప్పటికి ఆయనకు 42 ఏళ్లు. పెద్ద షావుకార్ల ఊరు కాదిది. రైతుల దగ్గరా చిన్న కుటుంబాల దగ్గరా వాటాల రూపంలో డబ్బు కూడబెట్టారు. ఇది విని ఊరుకోవద్దు, ఒక్క క్షణం ఆలోచించండి. కూపు పాడినవాడు నష్టపోతే ఇల్లు ఒకటే మునుగుతుంది. ఊరివాళ్ల పైసలతో మిల్లు పెట్టినవాడు నష్టపోతే, మర్నాడు వీధిలో తలెత్తి నడవలేడు. ఆ భయమే ఆయన చేత అంత పని చేయించిందని నాకనిపిస్తుంది. 1939లో రామరాజు సర్జికల్ కాటన్ మిల్స్ పెట్టారు. ఆసుపత్రుల్లో గాయాలకు వాడే దూది తయారుచేసే మిల్లు అది.

రాయి దగ్గరికి ఆయన వచ్చింది 1957లో, 63 ఏళ్ల వయసులో. మనవళ్లతో ఆడుకునే వయసు. ఆ ఏడాది మద్రాస్ సిమెంట్స్ కంపెనీని రిజిస్టరు చేశారు. సిమెంటు ఆ రోజుల్లో స్వేచ్ఛగా అమ్ముకునే సరుకు కాదు. ఫ్యాక్టరీ పెట్టడానికి కేంద్రం లైసెన్సు ఇవ్వాలి. ధర సర్కారు చెప్పినదే. ఆ నియంత్రణ 1982లో కొంత సడలి, 1989లో పూర్తిగా పోయింది. రాయి కోసం ఆయన పడమటి కొండ ఎక్కలేదు. సున్నపురాయి దొరికేది తూర్పున, నీళ్లు లేని మెట్టల్లో. అరుప్పుకోట్టై దగ్గరి పందల్‌గుడి గనులు అలాంటివే. రైతు పనికిరాదని వదిలేసిన నేల క్వారీవాడికి బంగారం.

లెక్క చూడండి. ఒక టన్ను సిమెంటుకు సుమారు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావాలి. విరుదునగర్–సాత్తూరు రైలు మార్గం పక్కన కట్టిన మొదటి కర్మాగారం సామర్థ్యం రోజుకు 200 టన్నులు. అంటే రోజూ 300 టన్నుల రాయి తవ్వి, పగలగొట్టి, మోసుకురావాలి. దాన్ని పొడి చేసి, కొలిమిలో 1,450 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి కాల్చాలి. రాయి ఇంత బరువు గనకనే ఫ్యాక్టరీ గనికి దగ్గరగా, రైలుకు ఆనుకుని ఉండాలి. 1960ల మొదట్లో ఉత్పత్తి మొదలైంది. 1962లో రామస్వామి రాజా కన్నుమూశారు. పెట్టిన చెట్టు కాయ రుచి చూసే వ్యవధి ఆయనకు దక్కలేదు. కుమారుడు రామసుబ్రహ్మణ్య రాజా 27 ఏళ్ల వయసులో భారం నెత్తికెత్తుకుని, 2017లో మరణించేవరకు నడిపారు. కర్మాగారం ఉన్న చోటికి రామస్వామి రాజా నగర్ అని పేరు వచ్చింది.

యజమాని పేరు ఊరికి పెట్టారు, బాగుంది. కాని దేశంలో ఏ క్వారీ కథ చెప్పినా, సమ్మెట పట్టినవాణ్ణి వదిలేస్తే సగమే చెప్పినట్టు. తమిళనాడులో తరతరాలుగా రాయి కొడుతున్నవారిలో ఒడ్డెవాళ్లు ముఖ్యులు. వాళ్ల ఇంటి మాటా తెలుగే. గునపం, ఉలి, సమ్మెట, ఆ తరవాత తూటాల మందు. ముందుగా తీసుకున్న అడ్వాన్సు తీరక కుటుంబాలకు కుటుంబాలే క్వారీకి కట్టుబడిపోవడం దేశంలో చాలాచోట్ల జరిగింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినా, ఫరీదాబాదు రాతి క్వారీల కూలీల కోసం 1983లో సుప్రీంకోర్టు మళ్లీ కలగజేసుకోవలసి వచ్చింది. కష్టజీవి అనే మాట యజమానికి బిరుదు అవుతుంది. కూలీకి అది రోజువారీ సంగతి గనక ఎవరూ ప్రత్యేకించి అనరు.

రాయిలో ఇంకో చిక్కుంది. చెట్టు కొట్టినచోట మొక్క లేస్తుంది. రాయి తీసినచోట గొయ్యి మిగులుతుంది. 2012లో దీపక్ కుమార్ కేసు తీర్పుతో చిన్న క్వారీలకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి అయింది. ఇప్పుడు క్వారీ పెట్టాలంటే బండ ఎంతుందో తెలిస్తే చాలదు. గొయ్యిని చివరికి ఏం చేస్తావో కూడా కాగితం మీద రాసివ్వాలి.

మద్రాస్ సిమెంట్స్ 2013లో రామ్‌కో సిమెంట్స్ అయింది. అంతకు చాలా ముందే, 1980ల రెండో సగంలో, అప్పటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట దగ్గర జయంతిపురంలో ఆ కంపెనీ కర్మాగారం పెట్టింది. 2022లో రాయలసీమలోని కొలిమిగుండ్లలో మరొకటి మొదలైంది. ఎన్నో తరాల కిందట తెలుగు నేల వదిలి దక్షిణానికి నడిచిన కుటుంబాలవారు, సున్నపురాయి వెతుక్కుంటూ మళ్లీ ఇటే వచ్చారు. సెలవు.