బ్రిటన్ అగ్నిమాపక సంఘం: చందా, నిల్వ, సమ్మె

బ్రిటన్‌లో అగ్నిమాపక సిబ్బంది సంఘం 1918లో పుట్టింది. 1930 నుంచి దాని పేరు ఫైర్ బ్రిగేడ్స్ యూనియన్. సభ్యుల చందాయే దాని ప్రధాన ఆదాయం. జీతాల బేరాలకు, విధుల్లో గాయపడ్డవారి తరఫున నడిపే దావాలకు, కార్యాలయాల నిర్వహణకు ఆ డబ్బే ఆధారం. రాజకీయ ఖర్చులకు మాత్రం 1913 నాటి చట్టం నుంచీ వేరే నిధి ఉండాలి. ఇష్టం లేని సభ్యుడు దానికి చందా కట్టనక్కర్లేదు.

చందాలతో కూడిన నిల్వలకు అసలు పరీక్ష 1977లో ఎదురైంది. జీతంలో 30 శాతం పెంపు కోరుతూ నవంబరు 14న సంఘం తన తొలి దేశవ్యాప్త సమ్మెకు దిగింది. 10 శాతం దాటేది లేదని ప్రభుత్వం పట్టుబట్టింది. సమ్మెలో ఉన్నవారికి భృతి ఇచ్చే స్తోమత సంఘానికి లేదు. దాదాపు 30 వేల మంది తొమ్మిది వారాలు జీతం లేకుండా గడిపారు. పండగ రోజుల్లోనూ చలిమంటలు వేసుకుని ఫైర్ స్టేషన్ల ముందు నిలబడ్డారు, బకెట్లు పట్టుకుని విరాళాలు అడిగారు. సైనికులు 'గ్రీన్ గాడెస్' అనే పాతకాలపు ఇంజన్లతో మంటలార్పారు. కార్మిక సంఘాల సమాఖ్య టీయూసీ కూడా ప్రభుత్వ వేతన పరిమితిపై పోరాడేందుకు ముందుకు రాలేదు. 1978 జనవరిలో 10 శాతానికే రాజీ కుదిరింది. అయితే ఇకపై వేతనాలను పురుష శ్రామికుల ఆదాయాలతో ముడిపెట్టే సూత్రం దక్కింది. వట్టి చేతులతో సాధించిన ఆ సూత్రం ఆ పది శాతం కన్నా ఎంతో విలువైనది.

1982 చట్టంతో చట్టవిరుద్ధమైన సమ్మెలకు సంఘాల నిధుల నుంచే పరిహారం రాబట్టే వీలు కలిగింది. అప్పటినుంచి ప్రతి సమ్మె నిర్ణయంలోనూ నిధుల భద్రత ఒక లెక్కయింది. 30 వేల పౌండ్ల వార్షిక వేతనం కోసం 2002-03లో జరిగిన సమ్మె 1977లా ఏకబిగిన సాగలేదు, విడతలుగా నడిచింది. అలా ఒక్కొక్కరు కోల్పోయే జీతం తగ్గింది. చివరికి మూడేళ్లలో 16 శాతం పెంపుతో, పని పద్ధతుల్లో మార్పుల షరతుతో ఒప్పందమైంది.

తర్వాతి పెద్ద పోరాటం పింఛన్ల మీద. 2015 పింఛను మార్పుల్లో పెద్ద వయసువారికే పాత పథకం కొనసాగించడం వివక్షేనని సంఘం అండతో సభ్యులు దావా వేశారు. 2018 డిసెంబరులో అప్పీలు కోర్టు, న్యాయమూర్తులు వేసిన ఇలాంటి కేసుతో కలిపి, సభ్యులకు అనుకూలంగా తీర్పిచ్చింది. 2019లో సుప్రీంకోర్టు ప్రభుత్వ అప్పీలుకు అనుమతి నిరాకరించింది. ఆ తీర్పును ఇతర ప్రభుత్వ ఉద్యోగుల పింఛను పథకాలకూ వర్తింపజేయక తప్పలేదు.