నాలుగున్నర వేల ఏళ్ల కిందటి గట్టు తగాదా

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ముక్కలు ముక్కలుగా విరిగిన ఓ సున్నపురాతి పలక ఉంది. పైన రాబందులు తెగిన తలలను ముక్కున కరుచుకుని ఎగురుతుంటాయి. కింద డాలుకు డాలు ఆనించిన సైనికులు ఈటెలు చాపి శవాల మీదుగా నడుస్తుంటారు. పలక వెనక వైపు నింగిర్సు దేవుడు పెద్ద వల పట్టుకుని నిలబడ్డాడు. వలలో ఉన్నది చేపలు కాదు, మనుషులు. ఒకడు వల కన్నులోంచి తల బయటపెట్టాడు. దేవుడు గదతో వాడి నెత్తిన మొత్తుతున్నాడు.

క్రీ.పూ. 2450 ప్రాంతంలో లగాష్ రాజు ఎయన్నాటుమ్ దీన్ని చెక్కించాడు. ఇంతకీ ఆ యుద్ధం దేనికి? పొలం గట్టు కోసం!

నది పొడవునా కోటలు, కోటకో దేవుడు, దేవుడికో రాజు... ఫాంటసీ నవలల మొదటి పేజీలో కనిపించే పటం నేటి దక్షిణ ఇరాక్‌లో నిజంగానే ఉండేది. అదే సుమేర్. ఎరిదు నీళ్ల దేవుడు ఎన్కీది, ఊర్ చంద్రుడిది, ఉరుక్ ఇనన్నాది. ఊరికి యజమాని దేవుడే, రాజు ఆయన మనిషి మాత్రమే. అక్కడ రాయి లేదు, కలప లేదు, లోహం అసలే లేదు. ఉన్నవి మట్టి, రెల్లు, ఖర్జూరం, బార్లీ. వానను నమ్ముకుంటే పంట పండదు. టైగ్రిస్, యూఫ్రటీస్ వరదలు కూడా విత్తనాల వేళ రావు, సరిగ్గా కోతల వేళకు మీద పడతాయి. ఏటేటా ఒండ్రు పేరుకుని నది చుట్టుపక్కల పొలాల కంటే ఎత్తున పారేది. గట్టుకు చిన్న గండి కొడితే చాలు, నీళ్లు పొలంలోకి దిగుతాయి. ఎగువ వాడు ఆ గండి పూడిస్తే దిగువ వాడి నోట్లో మట్టే.

ఉమ్మా ఎగువన, లగాష్ దిగువన. రెండింటికీ మధ్య గుఎదిన్నా అనే సారవంతమైన నేల. దాని మీద తగువు పడితే కిష్ రాజు మెసిలిమ్ పెద్దమనిషిగా వచ్చి, తాడుతో కొలిపించి, హద్దురాయి పాతించాడు. ఉమ్మా పాలకుడు ఉష్ దాన్ని పీకేశాడు. ఎయన్నాటుమ్ గెలిచి మళ్లీ హద్దు కాలువ తవ్వించాడు. అవతలి నేలను ఉమ్మా రైతులు దున్నుకోవచ్చు, కానీ బార్లీ అప్పు కింద లెక్క. అప్పన్నాక వడ్డీ ఉంటుంది. అది పెరిగి పెరిగి తీర్చలేనంత అయింది. ఉర్‌లుమ్మా అనే ఉమ్మా రాజు కాలువ నీళ్లు మళ్లించి, హద్దురాళ్లకు నిప్పుపెట్టి పగలగొట్టాడు. లగాష్ చేతిలో అతనూ ఓడాడు. ఆ తర్వాత లగాష్ రాజు ఎన్‌మెటెనా ఈ వ్యాజ్యమంతా మట్టి శంకువు మీద రాయించాడు. టైగ్రిస్ నుంచి కాలువ తవ్వించినట్టూ అందులోనే ఉంది. నా మటుకు యుద్ధాలన్నిటి కంటే ఆ కాలువే తెలివైన పని.

ఇలా నూరేళ్లకు పైగానే గడిచాయి. చివరికి ఉమ్మా రాజు లుగల్‌జాగెసి లగాష్ గుళ్లను తగలబెట్టి, వెండి, రత్నాలు దోచుకుపోయాడు. ఏ గుడి కాలిందో ఒక్కొక్కటే వల్లిస్తూ లగాష్ లేఖకుడొకడు పలక రాశాడు. ఈ పాపం లుగల్‌జాగెసి కొలిచే దేవత నిసబా మెడకే చుట్టుకోవాలని దాని చివర శాపం పెట్టాడు. గెలిచినవాడికీ ఆ నేల దక్కలేదు. ఉత్తరాది నుంచి అక్కడ్ రాజు సార్గాన్ వచ్చి, లుగల్‌జాగెసి మెడకు కొయ్య తగిలించి నిప్పూర్‌లో ఎన్‌లిల్ గుడి వాకిటికి ఈడ్చుకొచ్చాడు.

ఒక సంగతి మరిచిపోకూడదు. ఇప్పటిదాకా చెప్పుకున్నది దాదాపు అంతా లగాష్ వాదనే. శంకువు, రాబందుల పలక, శాపం రాసిన పలక, అన్నీ లగాష్ రాజ్యంలోని గిర్సు పట్నంవే. ఫ్రెంచి వాళ్లు 1877 నుంచే అక్కడ తవ్వకాలు జరిపారు. ఈ తగువు గురించి ఉమ్మా వైపు నుంచి మిగిలిన రాతలు చాలా తక్కువ. ఆ పట్నం ఉన్న జోఖా దిబ్బను 2003 యుద్ధం తర్వాత పురావస్తువుల దొంగలు గుంతలు గుంతలుగా తవ్వేశారు.