మన్యములో సేవకుల సమావేశములు

పాడేరునుండి అరకులోయకు పోవు త్రోవలో హుకుంపేట యున్నది. ఆ పేరెట్లు వచ్చినను, అందు రెండు మాటలు ప్రక్కప్రక్కన నిలిచినవి. హుకుము పైనుండి దిగివచ్చునది. పేట నలుదిక్కుల జనము వచ్చి చేరునది. మన్యములో ప్రజాసేవకై నియుక్తులైనవారి సమావేశముల చరిత్రను ఈ రెండు మాటలతోనే చెప్పవచ్చునని మేము తలంచుచున్నాము.

1946లో మద్రాసు రాష్ట్రమున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఫిర్కా అభివృద్ధి పథకమును తలపెట్టెను. 1952 అక్టోబరు 2న దేశమున 55 సమాజాభివృద్ధి ప్రణాళికలు ఆరంభమైనవి. మరుసటి యేట అదే దినమున జాతీయ విస్తరణ సేవ వెలసినది. గ్రామసేవకుడను క్రొత్త ఉద్యోగి పల్లెకు వచ్చెను. వ్యవసాయము, పశుపోషణ, పారిశుద్ధ్యము, సహకారము, అన్నిటికిని ఆయనయే దిక్కు. బ్లాకు కార్యాలయమున గ్రామసేవకులు కూడుటయు, పైస్థాయిలో అభివృద్ధి కమిషనర్లు సమావేశమగుటయు పరిపాటియైనది. వీరి శిక్షణ, పరిశోధనలకై 1958లో ముస్సోరీలో నెలకొన్న కేంద్రసంస్థయే తరువాత హైదరాబాదు చేరి, నేటి జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ యైనది.

ఈ సమావేశములందు లెక్కలకు కొదువ లేదు. త్రవ్విన బావులెన్ని, పంచిన విత్తనమెంత యని అడుగుట సులభము. పల్లెవారు దేనిని కోరిరని అడుగుట కష్టము. కార్యక్రమము ప్రజలలో స్వయంకృషిని మేల్కొల్పజాలలేదని 1957లోనే బల్వంతరాయ్ మెహతా సంఘము తేల్చెను.

మన్యములో ఈ లోపము మరింత స్పష్టమైనది. రెండవ పంచవర్ష ప్రణాళికలో గిరిజనులకై 43 ప్రత్యేక బహుళార్థక బ్లాకులు ఏర్పడినవి. అరకు అందొకటి. బ్లాకొక్కంటికి అయిదేండ్లకు 27 లక్షల రూపాయలు. ఆనాటికది పెద్ద మొత్తమే. అయినను వీనిని పరిశీలించిన వెరియర్ ఎల్విన్ సంఘము 1960లో హెచ్చరించినదేమి? పథకములు మితిమీరినవి, కొండవారి జీవితమును, భాషను ఎరిగిన సేవకులు కావలెను. ఆ మాట ఈ ప్రాంతమున ఎంత నిజమో చూడుడు. ఇచట ఆదివాసీ ఒడియా, కువి, పోర్జ, గదబ భాషలు వినవచ్చును. పల్లపు సీమనుండి వచ్చిన సేవకుడు తెలుగున ఎంత చక్కగా ఉపన్యసించినను, వినువారు తలయూపిన యంతమాత్రమున గ్రహించినట్లు కాదు.

దీనికి భిన్నమైన త్రోవ ఆదిలాబాదు జిల్లాలో అంతకుముందే కనబడినది. హైమన్‌డార్ఫ్ పండితుడు 1943లో మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చు శిక్షణకేంద్రమును నెలకొల్పెను. ఆ దశాబ్దముననే కేస్లాపూరు నాగోబా జాతరలో దర్బారు మొదలైనది. అధికారులు తమ కచేరీకి జనమును పిలువక, జనము కూడినచోటికి తామే పోయి మొరలు వినిరి. ఆ దర్బారు తరువాతి తరములకును సంప్రదాయమై నిలిచినది.

మన కొండలలోను అట్టి చోట్లు లేకపోలేదు. హుకుంపేటలో వారపు సంత కలదు. గదబల పల్లెలలో పెద్దలు కూర్చుండుటకు రాతిపలకల సదరు కలదు. పసుపు, చింతపండు, పిప్పళ్ల ధరలు మొదలు పెండ్లి తగవులవరకు మాటలు సాగునది సంతలలోను సదరులమీదను గాని, కార్యాలయపు బల్లచుట్టు కాదు.

1996లో పార్లమెంటు చేసిన షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీ విస్తరణ చట్టము ఈ క్రమమును తలక్రిందులు చేసినది. గ్రామాభివృద్ధి పథకములను అమలునకు ముందు గ్రామసభ ఆమోదింపవలెనని శాసించినది. అనగా సేవకుల సమావేశము మొదటిది కాదు, రెండవది. మొదట పల్లె కూడవలెను. పల్లె చెప్పినదానిని నెరవేర్చు ఉపాయమునకై సేవకులు కూడవలెను.

చట్టము పుస్తకమున నుండుట వేరు, ఆచరణలో నుండుట వేరు. సభలో వ్రేలిముద్రలు మాత్రమే సేకరించి పోయినచో అది మరల హుకుమే యగును. సేవకులు తమ సమావేశమునకు వచ్చునపుడు అంకెల పట్టికతోపాటు పల్లెవారు కాదన్నదేమో, ఏల కాదన్నారో వ్రాసికొని రావలెను. ఆ కాగితమును తొలుత చదివిననాడు పేట అను మాటకు అర్థము నిలుచును.