దఖ్మా

దఖ్మా అనగా జొరాస్ట్రియన్ మతస్థులు తమ మృతదేహాలను ఎండకు, రాబందులకు విడిచిపెట్టే గుండ్రని రాతి కట్టడం. పార్సీలు దీనిని దోఖ్మా అని, అది ఉన్న ఆవరణను డుంగర్‌వాడి అని అంటారు. బ్రిటిషు పాలనా కాలంలో ఆంగ్లంలో ఏర్పడిన పేరును బట్టి దీనిని నిశ్శబ్ద బురుజు అని కూడా వ్యవహరిస్తారు. ముంబైలోని మలబార్ హిల్‌పై సుమారు 54 ఎకరాల డుంగర్‌వాడి మిక్కిలి ప్రసిద్ధమైనది. ఇక్కడి మొదటి దఖ్మా 17వ శతాబ్దపు చివరి భాగం నాటిది. సికిందరాబాదులోని పార్సీగుట్టకు ఆ పేరు అక్కడి దఖ్మా వల్లనే వచ్చింది.

విశ్వాసం

జొరాస్ట్రియన్ ధర్మం ప్రకారం మరణం దుష్టశక్తికి లభించే తాత్కాలిక విజయం. ప్రాణం పోయిన దేహాన్ని 'నసు' అనే అశుచి ఆవరిస్తుంది. నిప్పు, నీరు, నేల పవిత్రమైనవి కనుక శవాన్ని కాల్చరాదు, నీటిలో వదలరాదు, పూడ్చరాదు. ఇందుకు సంబంధించిన నియమాలు వెందిదాద్ అనే గ్రంథంలో ఉన్నాయి. మాగీల శవాలను పక్షి గాని కుక్క గాని చీల్చిన తరువాతనే పూడ్చుతారని క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాశాడు. దేహాన్ని పక్షులకు ఇవ్వడం మనిషి చేసే చివరి దానమని నేటి పార్సీలలో చాలామంది చెబుతారు. ఆ మాట వినసొంపుగానే ఉన్నది గాని, ప్రాచీన గ్రంథాలు చెప్పే ప్రధాన కారణం దానం కాదు, శుచి.

నిర్మాణం

దఖ్మాకు పైకప్పు ఉండదు. లోపలి రాతి తలంపై మూడు వలయాలు ఉంటాయి. వెలుపలి వలయంలో పురుషుల, మధ్య వలయంలో స్త్రీల, లోపలి వలయంలో పిల్లల దేహాలను ఉంచుతారు. ఎండిన ఎముకలను నడుమనున్న లోతైన గుంటలోకి చేరుస్తారు. ధనికులవైనా పేదలవైనా ఎముకలు చేరేది ఆ ఒక్క గుంటకే.

నాలుగు రోజులు

దేహానికి స్నానం చేయించి శుభ్రమైన పాత తెల్లని నూలుబట్టలు తొడుగుతారు. ఒక కుక్కను తెచ్చి శవాన్ని చూపిస్తారు. ఈ ఆచారాన్ని 'సగ్‌దీద్' అంటారు. కళ్ళపైన రెండు మచ్చలు ఉన్న కుక్కను ఇందుకు శ్రేష్ఠంగా భావిస్తారు. పురోహితులు ఇద్దరు జంటగా నిలిచి గాథలను పఠిస్తారు. శవాన్ని పగటివేళనే, ఇనుప పాడెపై తీసుకువెళతారు. బంధువులు తెల్లని దుస్తులలో, ఇద్దరిద్దరుగా ఒకే చేతిరుమాలు చెరొక కొన పట్టుకొని వెనుక నడుస్తారు. దఖ్మా లోపలికి మాత్రం 'నసేసాలార్లు' అనే శవవాహకులు తప్ప ఎవ్వరూ, కన్నబిడ్డలైనా సరే, వెళ్ళరాదు.

ఆత్మ మూడు రాత్రులు ఈ లోకంలోనే ఉండి, నాల్గవ నాటి ఉదయాన చిన్వత్ వంతెనను దాటుతుందని నమ్మకం. ఎక్కువగా ఏడ్వరాదని మతం బోధిస్తుంది. బ్రతికినవారి కన్నీళ్ళు నదియై, ఆత్మలు దాటలేక అవస్థపడే దృశ్యం 'అర్దా విరాఫ్ నామగ్' అనే పహ్లవీ గ్రంథంలో ఉన్నది. మూడవనాటి మధ్యాహ్నం జరిగే 'ఉఠమ్నా'లో మృతుల పేరిట దానధర్మాలను ప్రకటించడం ఆనవాయితీ.

ఆ తరువాతి స్మరణకు ముఖ్యమైనది సంవత్సరాంతంలోని ముక్తాద్. భారతదేశపు పార్సీలలో ఎక్కువమంది పాటించే షహెన్షాహీ పంచాంగం ప్రకారం ఇది ఆగస్టులో వస్తుంది. ఆ రోజులలో పితరుల 'ఫ్రవషి'లు ఇంటివారిని చూడవస్తారని నమ్మి, ఒక్కొక్కరి పేరిట ఒక్కొక్క పూలకలశం ఉంచుతారు. మన మహాలయ పక్షంతో దీనికి కొంత పోలిక కనిపిస్తుంది.

రాబందుల లోటు

భారతదేశంలో వీపుతెలుపు రాబందుల సంఖ్య 1990ల ఆరంభం నుండి 2007 నాటికి 99 శాతానికి పైగా పడిపోయింది. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు, వాటి కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను చెడగొడుతున్నదని 2004లో పరిశోధకులు వెల్లడించారు (ఈ పరిశోధన పాకిస్తాన్‌లో జరిగింది). భారత ప్రభుత్వం 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించింది. అప్పటికే నగరాలలోని దఖ్మాలకు రాబందులు రావడం ఆగిపోయింది. పూర్వం కొద్దిసేపటిలో ముగిసే పనికి వారాలు, నెలలు పట్టసాగాయి. ముంబైలో సూర్యకిరణాలను కేంద్రీకరించే అద్దాలు అమర్చారు గాని, వర్షాకాలంలో అవి అంతగా పనిచేయవు. 2006లో దఖ్మా లోపలి ఛాయాచిత్రాలు బయటకు రావడంతో సమాజంలో తీవ్రమైన కలవరం చెలరేగింది.

దహనంపై వివాదం

దహనాన్ని ఎంచుకొన్నవారికి డుంగర్‌వాడిలో ప్రార్థనలు జరగవు. మరణించిన తల్లిదండ్రులకు నాలుగు రోజుల ప్రార్థనలు దక్కవేమో అన్న భయమే చాలామందిని దఖ్మా వైపు నిలిపింది. దహనమైనవారికి కర్మలు చేసినందుకు 2009లో బొంబాయి పార్సీ పంచాయతీ ఇద్దరు పురోహితులపై నిషేధం విధించగా, 2011లో బొంబాయి హైకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. 2015లో వర్లీ శ్మశానవాటికలో పార్సీల కోసం ప్రత్యేక ప్రార్థనామందిరం ఏర్పడింది. పారిశ్రామికవేత్త రతన్ టాటా అంత్యక్రియలు 2024 అక్టోబరులో వర్లీలోనే పార్సీ ప్రార్థనలతో, విద్యుత్ దహనంతో జరిగాయి.

కోవిడ్‌తో మరణించినవారిని దఖ్మాలో ఉంచడానికి ప్రభుత్వ నిబంధనలు అంగీకరించలేదు. దీనిపై సూరత్ పార్సీ పంచాయతీ న్యాయస్థానానికి వెళ్ళింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక ఒప్పందాన్ని ఆమోదించి, ఆ దేహాలను దఖ్మాలలో ఉంచడానికి వీలు కల్పించింది. పక్షులు దేహాలను తాకకుండా దఖ్మాపై లోహపు వల బిగించాలన్నది ఆ ఒప్పందంలోని ఒక షరతు.