చలీ చెలిమీ: తొలి విద్యార్థినుల ఉత్తరాలు చదవడమెలా?

అమెరికా యూనివర్సిటీలో సీటొచ్చిన మన అమ్మాయిలు సీనియర్లని ముందుగా అడిగే ప్రశ్నల్లో రెండు తప్పకుండా ఉంటాయి. అక్కడ చలి ఎలా ఉంటుంది? మనుషులు ఎలా ఉంటారు? ఒకరు బాగుందంటారు, ఇంకొకరు భరించలేమంటారు. ఎవరి మాట పట్టుకోవాలో తేలదు. స్త్రీల చదువుల చరిత్ర మీద పనిచేస్తున్న నాదీ ఇదే చిక్కు. నూట ముప్ఫై, నూట నలభై ఏళ్ల కిందట సముద్రం దాటిన విద్యార్థినుల ఉత్తరాల్లో చలి గురించీ, విందుల గురించీ, కొత్త స్నేహాల గురించీ కబుర్లుంటాయి. పట్టా పుచ్చుకున్న తేదీకి చరిత్ర పుస్తకాల్లో దొరికే చోటు ఈ కబుర్లకు దొరకదు. కాని ఆ ఆడపిల్లలు బతికింది తేదీల్లో కాదు, ఆ చలిలోనూ ఆ మనుషుల మధ్యానూ.

ఆనందీబాయి జోషీనే తీసుకుందాం. 1865లో కళ్యాణ్‌లో పుట్టింది. తొమ్మిదో ఏట గోపాలరావుతో పెళ్లి. పద్నాలుగో ఏట కన్న బిడ్డ పది రోజులకే చనిపోయింది. 1883లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఒంటరిగా అమెరికా వెళ్లి ఫిలడెల్ఫియాలోని ఉమెన్స్ మెడికల్ కాలేజీ ఆఫ్ పెన్సిల్వేనియాలో చేరింది. 1886 మార్చిలో డాక్టరు పట్టా తీసుకుంది. 1887 ఫిబ్రవరిలో, ఇరవై రెండేళ్లు నిండకుండానే, పూనాలో క్షయతో కన్నుమూసింది.

ఫిలడెల్ఫియాలో ఆమె ఉన్న గదిలో పొయ్యి సరిగ్గా మండేది కాదు. వెలిగిస్తే గదంతా పొగ. ఆర్పేస్తే గడ్డకట్టే చలి. పొగో చలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. పైగా శాకాహారం. తొమ్మిది గజాల చీర పిక్కల్ని కప్పదు కనక గుజరాతీ పద్ధతిలో చీర కట్టడం మొదలుపెట్టింది. ఇదంతా కలిపి చూస్తే మనం 'వాతావరణం' అంటున్నది ఒక్క ఆకాశానికి సంబంధించిన సంగతి కాదని అర్థమవుతుంది. అదే ఊళ్లో, అదే జనవరిలో, మంచి పొయ్యీ ఉన్నిబట్టలూ ఉన్న అమ్మాయికి చలి వేరు, ఆనందికి వేరు. ఫిలడెల్ఫియా చలి ఎలా ఉంటుందన్న ప్రశ్నకు జవాబు గది అద్దెలోనూ, కట్టుబట్టలోనూ, కంచంలోనూ ఉంది.

మరి ఆమె ఆ కష్టాన్ని ఎంతవరకు చెప్పుకోగలదు? బయల్దేరే ముందు 1883 ఫిబ్రవరిలో శ్రీరాంపూర్ కాలేజీ హాల్లో ఆమె చేసిన ప్రసంగం గుర్తు చేసుకోవాలి. అమెరికాకే ఎందుకు, ఒంటరిగా ఎందుకు, కులం నుంచి వెలి వేయరా, ఏదైనా ఆపద వస్తే ఏం చేస్తావు అని జనం అడుగుతున్న ప్రశ్నలన్నిటికీ ఒక్కొక్కటిగా జవాబు చెప్పింది. అంత బహిరంగంగా మాట ఇచ్చి వెళ్లిన మనిషి ఇక్కడ చలికి తట్టుకోలేకపోతున్నానని రాస్తే అది వ్యతిరేకుల చేతికి ఆయుధం ఇవ్వడమే. ఆడపిల్లలకి ఆ దేశాలు పడవని మేం ముందే చెప్పాం కదా అంటారు. కనుక ఆమె బాగున్నానని రాసిన చోట కూడా ఆ 'బాగు'ని కొంచెం తూకం వేసి తీసుకోవాలని నా అభిప్రాయం.

అయితే ఇదే ఆనంది, అదే అమెరికా నుంచి, చిన్నతనంలో భర్త చేతిలో తిన్న దెబ్బల్ని ఉత్తరంలో ఆయనకే గుర్తుచేసింది. శ్రీరాంపూర్‌లో ఎదురుగా ఉన్నప్పుడు అనలేని మాట, సముద్రం అడ్డం ఉన్నప్పుడు రాయగలిగింది. ఆ దూరం తోడు లేకుండా చేసింది, గొంతూ ఇచ్చింది. ఆమెకు ఆశ్రయమిచ్చిన థియోడీషియా కార్పెంటర్, కాలేజీ డీన్ రేచెల్ బాడ్లీ వంటి స్త్రీల స్నేహాన్ని కూడా ఈ లెక్కలోనే వేసుకోవాలి.

దీనికి పూర్తిగా భిన్నంగా కనిపిస్తుంది కార్నీలియా సొరాబ్జీ ఆక్స్‌ఫర్డ్. పూనా దక్కన్ కాలేజీలో చదివి అగ్రస్థానంలో నిలిచినా, ఆ స్థానానికి దక్కాల్సిన ప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఆడపిల్ల కనక ఆమెకు ఇవ్వలేదు. ఇంగ్లండులోని శ్రేయోభిలాషులు చందాలు వేసుకుంటే 1889లో సోమర్‌విల్‌లో చేరింది. బేలియల్ కాలేజీ మాస్టర్ బెంజమిన్ జోవెట్ ఆమెను ఆదరించాడు. ఆల్ సోల్స్ కాలేజీ లైబ్రరీలో న్యాయశాస్త్రం చదువుకోవడానికి అనుమతి దొరికింది. విందులు, పరిచయాలు, పేరున్న మనుషులు. ఆమె మాటల్లో ఆక్స్‌ఫర్డ్ వెచ్చగా ఉంటుంది.

ఆ వెచ్చదనం నిజమే. కాని అది ఎవరికి దొరికిన వెచ్చదనం? ఆమె క్రైస్తవ కుటుంబంలో, ఇంగ్లీషు ఇంటిభాషగా పెరిగింది. బల్ల దగ్గర ఎలా కూర్చోవాలో, ఏం తినాలో ఆనందిలా కొత్తగా తేల్చుకోనక్కర్లేదు. ఆమె చీర అక్కడ అందరినీ ఆకర్షించింది. ఆకర్షణ వేరు, సమానత్వం వేరు. 1892లో ఆమె మగ విద్యార్థులతో కలిసి బి.సి.ఎల్. పరీక్ష రాయడానికి యూనివర్సిటీ ప్రత్యేక తీర్మానం చెయ్యాల్సి వచ్చింది. పరీక్ష రాసిన ముప్ఫై ఏళ్లకు, 1922లో గాని పట్టా చేతికి రాలేదు. ఎందుకంటే ఆక్స్‌ఫర్డ్ స్త్రీలకు పట్టాలిచ్చింది 1920 నుంచే. విందుకు పిలిచారు, పట్టాకు పిలవలేదు. పైగా ఆమె ఆత్మకథ 'ఇండియా కాలింగ్' 1934లో వచ్చింది. అప్పటికి ఆమె బ్రిటిష్ పాలనకు గట్టి సమర్థకురాలు. అరవై దాటిన మనిషి జ్ఞాపకాన్ని, ఇరవై మూడేళ్ల అమ్మాయి అమ్మానాన్నలకు రాసిన ఉత్తరాన్ని ఒకే తూకపురాయితో తూచలేం.

వాతావరణం గురించి ఫిర్యాదు చేస్తే ఎవరికీ కోపం రాదు. అందుకే ఆడవాళ్లకు అది అనుమతి ఉన్న ఫిర్యాదు. నేను హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లో సాయంత్రం ఆరున్నరకే గేటుకి తాళం పడేది. మగపిల్లల హాస్టల్‌కు తాళమే లేదు. ఎలా ఉందే అక్కడ అని అమ్మ ఫోన్లో అడిగితే, ఎండలు మండిపోతున్నాయమ్మా అనేదాన్ని. తాళం సంగతి చెబితే చదువు మాన్పించి తీసుకుపోతారేమోనని భయం. ఆ ఎండల మాట అబద్ధం కాదు. కాని ఆ వాక్యం మొయ్యాల్సిన బరువు ఎండ ఒక్కటే కాదు.

ఇక్కడ మరో ప్రమాదం ఉంది. సాహిత్యం చదువుకున్నవాళ్లం కనక చలి అనగానే ప్రతీక అనేస్తాం. ఒంటరితనం, పరాయితనం అని విశ్లేషిస్తాం. ఆనంది గదిలో పొగ ప్రతీక కాదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన పొగ. అలాగని చలే ఆమెను చంపిందనడమూ సరికాదు. క్షయ సూక్ష్మక్రిమిని రాబర్ట్ కాక్ 1882లోనే గుర్తించాడు. ఆమె ఆరోగ్యం శ్రీరాంపూర్‌లో ఉండగానే బాగా లేదు. చలిని నిందిస్తే చిన్నవయసు కాన్పు, దెబ్బలు, చాలని తిండి, పొగచూరిన గది అన్నీ తప్పించుకుంటాయి. ప్రకృతి మీద నేరం మోపి మనుషులు బయటపడే పద్ధతి పితృస్వామ్యానికి కొత్తేం కాదు.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు వినడం నేర్పింది. చెప్పినదాంతో పాటు చెప్పకుండా ఆగిన చోటునీ పట్టించుకోమంది. విద్యార్థినుల అభిప్రాయాలకీ అదే వినికిడి కావాలి. ఎవరు చెబుతున్నారు, ఎవరితో చెబుతున్నారు, నిజం చెబితే ఏం పోగొట్టుకుంటారు, ఆ గదిలో పొయ్యి మండుతోందా? ఈ ప్రశ్నలడిగితే బాగుందన్న మాటా భరించలేమన్న మాటా రెండూ సాక్ష్యాలే అవుతాయి.

ఈ చలికాలం కూడా ఎక్కడో ఒక అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి, ఇక్కడ మంచు పడుతోందని చెబుతుంది. స్వెట్టర్ వేసుకున్నావా అని అడగడం మనకు అలవాటే. ఆ తర్వాత ఇంకొక్క ప్రశ్న అడగాలి.