తల్లిలేని పిల్లికూన

పాలను జూచి పరుగిడిన తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మనము చిన్ననాట వినినదే. కాని పిల్లికిని మనుష్యునికిని గల పొత్తు అంతకంటె మిక్కిలి ప్రాచీనమైనది. పశ్చిమాసియాలో మానవుడు ధాన్యము పండించి నిలువచేయగా ఎలుకలు చేరెను. ఎలుకల వెంట అడవిపిల్లియు వచ్చెను.

సైప్రసు ద్వీపమున షిల్లూరోకంబోసు అనుచోట సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధి యొకటి బయల్పడినట్లు 2004లో ఫ్రెంచి పరిశోధకులు ప్రకటించిరి. అందొక మనుష్యుని యస్థిపంజరమునకు మూరెడు దూరములోపల ఎనిమిది మాసముల పిల్లి పూడ్చబడి యున్నది. ఆ దీవిలో పిల్లులు స్వతస్సిద్ధముగ లేవు. వాని జాతిని పడవలపై తెచ్చినవారు మనుష్యులే. ఎలుకలకొరకు మాత్రమే పెంచినచో, చనిపోయిన పిదప యజమాని చెంత నేల పూడ్చిరి? అది మమకారము కాదా?

కావున తల్లిని గోల్పోయిన కూన మన గడపకు వచ్చినపుడు తరిమివేయకుడు. ముందు వెచ్చదనము, పిదప ఆహారము. చల్లబడిన కూనకు పాలు జీర్ణము కావు. ఆవుపాలు సరిపడక విరేచనములగును. కూనలకై తయారగు పాలపొడియే మేలు. బోర్లనుంచి కొద్దికొద్దిగ పట్టవలెను. కన్నులు తెరువని కూనకు రాత్రియందును రెండు మూడు గంటల కొకమారు పట్టి, తడిగుడ్డతో మెల్లగా తుడిచినగాని మలమూత్రములు వెడలవు. తల్లి నాకుచు చేయు పని యిదియే.

మన గాదెలు కాచిన జాతికి గంపెడు చోటిచ్చుట దయ కాదు, ఋణము దీర్చుకొనుట.